నోమ్‌పెన్‌కు ఒక్క రాత్రి చాలదు

పాఠకుల ప్రయాణ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కంబోడియా గురించే. ఆ దేశ రాజధాని నోమ్‌పెన్‌లో నేను 2011 సెప్టెంబర్ నుంచి 2017 వేసవి దాకా ఉన్నాను. బట్టల కర్మాగారంలో నాణ్యత పరిశీలన నా ఉద్యోగం. అందుకే ఈ శీర్షికలో మిగిలిన ఊళ్లన్నీ వచ్చే నెలకు వాయిదా వేసి, నోమ్‌పెన్ ఉత్తరాలకే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, నేనూ మా వారూ ఉద్యోగ విరమణ చేశాం. జనవరిలో కంబోడియా వెళ్తున్నాం. ప్రయాణం ఏర్పాటు చేసేవాళ్లు ఆంగ్‌కోర్ వాట్ కోసం సియెమ్ రీప్‌లో నాలుగు రాత్రులు, నోమ్‌పెన్‌లో ఒక్క రాత్రి పెట్టారు. "నోమ్‌పెన్‌లో చూసేందుకేమీ లేదు, కావాలంటే అది కూడా తీసేస్తాం" అంటున్నారు. తీసేయమనాలా? — విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: తీసేయనివ్వకండి. సియెమ్ రీప్‌లో రెండు రాత్రులు తగ్గించుకుని అయినా సరే, నోమ్‌పెన్‌కు మూడు రాత్రులు ఇవ్వండి. రెండు ఊళ్లకూ మధ్య దూరం 315 కిలోమీటర్లు, బస్సులో ఆరు గంటల దారి. ముందు రాజధాని చూసి ఆ తర్వాత గుళ్లకు వెళ్లండి. ఎందుకంటే ఆ గుళ్లలోంచి వచ్చిన గొప్ప శిల్పాలు ఎన్నో నోమ్‌పెన్ జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. అవి చూశాక గుళ్లు చూస్తే ఖాళీ పీఠాల మీద ఏముండేదో మీ కళ్లకు కడుతుంది.

మ్యూజియానికి పొద్దున్నే వెళ్లండి. ఎర్రటి భవనం, లోపల నాలుగు మండపాలు, నడుమ తామర కొలనులు. 1920లో తెరిచారు. మీరు తప్పక వెతికి చూడవలసినవి కో కెర్ నుంచి వచ్చిన శిల్పాలు. పదో శతాబ్దంలో కొన్నేళ్లపాటు కంబోడియాను ఏలిన ఖ్మేర్ రాజుల రాజధాని కో కెర్‌లో ఉండేది. అక్కడి ప్రాసాత్ చెన్ అనే గుడిలో భీమ దుర్యోధనుల గదాయుద్ధాన్ని నిలువెత్తు రాతి శిల్పాలుగా చెక్కి నిలబెట్టారు. ఇద్దరూ ఎగరబోతున్నట్టు మోకాళ్లు వంచి ఉంటారు. చుట్టూ మిగిలిన పాండవులు, కృష్ణుడు, బలరాముడు చూస్తుంటారు. 1970లలో అంతర్యుద్ధం జరుగుతుండగా దొంగలు ఈ విగ్రహాలను చీలమండల దగ్గర నరికి ఎత్తుకుపోయారు. పాదాలు మాత్రం పీఠాల మీదే ఉండిపోయాయి. 2011లో దుర్యోధనుడు న్యూయార్క్‌లో వేలానికి వచ్చినప్పుడు అది ఎక్కడిదో తేల్చి చెప్పింది ఆ పాదాలే. 2014లో దుర్యోధనుడు, కాలిఫోర్నియా మ్యూజియం నుంచి భీముడు, మరొక చోటి నుంచి బలరాముడు ఇల్లు చేరారు. ఆ ఏడాదే మా కర్మాగారంలో పనిచేసే అమ్మాయిలు నలుగురు ఆదివారం సెలవు పెట్టుకుని మరీ నన్ను వెంటబెట్టుకుని చూడడానికి వెళ్లారు. భారతం నాకు తెలుసని తెలిశాక ఆ కథ మొత్తం నాచేత చెప్పించుకున్నారు. కో కెర్ నుంచే వచ్చిన వాలి సుగ్రీవుల పోరు కూడా అక్కడే ఉంది. ఒకరినొకరు పెనవేసుకున్న ఆ రెండు దేహాల చుట్టూ నాలుగు వైపులా తిరిగి చూడండి.

రాజభవనం మ్యూజియం పక్కనే. మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి రెండు దాటాక వెళ్లండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు ఉండాలి. లోపలి వెండి పగోడాలో, అంటే బౌద్ధాలయంలో, 5,000కు పైగా వెండి పలకలతో పరిచిన నేల ఉంది. అయితే ఎక్కువ భాగం తివాచీల కిందే ఉంటుంది, కాస్త మేర మాత్రమే కనిపిస్తుంది. నా దృష్టిలో దానికంటే విలువైనది ప్రాంగణం చుట్టూ వసారా గోడల మీద రాసిన రామాయణం. వాళ్లు రీమ్‌కేర్ అంటారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వేసిన బొమ్మలవి. చెమ్మకు కింది భాగాలు చాలా చోట్ల రాలిపోతున్నాయి. ఉన్నవైనా నిదానంగా చూడండి. మన కథలో లేని సువణ్ణ మచ్ఛ అనే మత్స్యకన్యను, ఆవిడతో ప్రేమలో పడే హనుమంతుణ్ని చూసి ఆశ్చర్యపోకండి.

ఇక ఊరి పేరు. ప్నుం అంటే కొండ, పెన్ ఒక అవ్వ పేరు. పద్నాలుగో శతాబ్దంలో వరదకు కొట్టుకొచ్చిన చెట్టు మానులో పెన్ అవ్వకు నాలుగు బుద్ధ విగ్రహాలు దొరికాయనీ, ఆవిడ మట్టి పోయించి గుట్ట ఎత్తు చేయించి గుడి కట్టించిందనీ కథ. ఆ గుట్ట ఊరి ఉత్తరాన ఇప్పటికీ ఉంది. ఎత్తు 27 మీటర్లే, మోకాళ్ల నొప్పులున్నవారు కూడా మెల్లగా ఎక్కగలరు. పరీక్షలకు ముందు పిల్లలు, వ్యాపారం మొదలుపెట్టే ముందు పెద్దలు ఆ అవ్వ విగ్రహం దగ్గరికి వచ్చి మొక్కుకుంటారు.

ప్రశ్న: మా అత్తగారికి 70 ఏళ్లు. ఉల్లి, వెల్లుల్లి తింటారు కానీ గుడ్డు కూడా ముట్టరు. మూడు రోజులు ఆవిడకు ఏం పెట్టాలి? అన్నీ చేపలేనట కదా! — గృహిణి, వరంగల్

జవాబు: చేపలున్న మాట నిజం. కూరగాయల వేపుడు అడిగినా అందులో చేప సాస్ పోస్తారు, దాన్ని తెక్ త్రెయ్ అంటారు. పులుసుల్లో ప్రహోక్ అనే పులియబెట్టిన చేపముద్ద వేస్తారు. వాళ్ల లెక్కలో ఇవి ఉప్పు, చింతపండు లాంటివి. అందువల్ల "మాంసం వద్దు" అంటే సరిపోదు. "ఒత్ సాచ్, ఒత్ తెక్ త్రెయ్, ఒత్ ప్రహోక్" అని మూడూ చెప్పాలి. ఒత్ అంటే వద్దు, లేదు; సాచ్ అంటే మాంసం. గుడ్డు కూడా కలిపి, బస చేసిన చోటి గుమాస్తా చేత ఖ్మేర్ లిపిలో ఒక కాగితం మీద రాయించుకుని మీ సంచిలో పెట్టుకోండి. వంట చేసే ఆవిడకు ఆ కాగితం చూపిస్తే చాలు. నేను మొదటి ఏడాది గడిపింది అలాంటి కాగితంతోనే.

మీ అత్తగారికి నచ్చేవి చెప్తాను. త్రకూన్ అని సంతలో కట్టలు కట్టలుగా కనిపించే ఆకుకూర మన తూటికూరే. వెల్లుల్లి వేసి వేయించి అన్నంతో పెడతారు. నది ఒడ్డున తామర కాయలు అమ్ముతారు, గింజలు ఒలుచుకుని పచ్చివే తినవచ్చు. మాంగోస్టీన్, పంపర పనస, లాంగన్ పళ్లు ఎటూ ఉన్నాయి. తాటిబెల్లం వాసన వచ్చే చోట ఆగండి. తాటిచెట్టు వాళ్ల జాతీయ వృక్షం. తాటిపండు గుజ్జుతో చేసే అకోర్ త్నోత్ అనే పసుపురంగు ఆవిరి రొట్టె తింటే ఆవిడకు మీ ఊరి తాటిరొట్టె గుర్తొస్తుంది.

అన్నిటికంటే ముందు నోమ్ క్రోక్ తినిపించండి. మా ఇంటి సందు మొదట్లో ఒకావిడ రోజూ సాయంత్రం నాలుగింటికి బొగ్గుల కుంపటి పెట్టుకునేది. దాని మీద గుంతలున్న మట్టి పెనం, ప్రతి గుంత మీదా చిన్న మట్టి మూత. బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపిన పల్చటి పిండిని చెంబుతో గుంతల్లో పోసి, పైన ఉల్లికాడల తరుగు చల్లి మూత పెట్టేది. రెండు నిమిషాలయ్యాక చెంచాతో అంచు గీరి రెండు సగాలను ఒకదాని మీద ఒకటి బోర్లించేది. అడుగు కరకరలాడుతూ, నడుమ వెన్నలా ఉండేది. మన గుంత పొంగణాలే అనుకోండి, మినప్పప్పు ఉండదు, అంతే. పక్కన ఇచ్చే పచ్చడి నీళ్లలో మాత్రం చేప సాస్ ఉంటుంది, అది వద్దనండి. కొందరు పిండిలో ఎండు రొయ్యలు వేస్తారు, ముందే అడగండి. నోమ్‌పెన్‌లో భారతీయ భోజనశాలలు కూడా ఉన్నాయి, రోజుకొక పూట అక్కడ పప్పన్నం దొరుకుతుంది. ఇంటినుంచి పొడులు, ఊరగాయ తీసుకెళ్లండి, అటుకులు కూడా.

ప్రశ్న: డాలర్లు తీసుకెళ్లాలా, అక్కడి డబ్బు మార్చుకోవాలా? దొంగల భయం ఉందని విన్నాను. — బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: రెండూ చెల్లుతాయి. డాలరుకు దాదాపు 4,000 రియెల్‌లు. డాలరు కంటే తక్కువ చిల్లర రియెల్‌లలోనే ఇస్తారు. చిన్న నోట్లు ఎక్కువగా ఉంచుకోండి. అంచు చిరిగిన డాలరు నోటును అక్కడ ఎవరూ తీసుకోరు, మీ చేతికి ఎవరైనా ఇచ్చినా తీసుకోకండి. భారత పాస్‌పోర్టుకు వీసా కావాలి, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవచ్చు.

దొంగలంటే ఎక్కువగా మోటారు సైకిళ్ల మీద వచ్చి సంచులు, ఫోన్లు లాక్కుపోయేవాళ్లే. 2013లో టుక్‌టుక్‌లో, అంటే అక్కడి ఆటోలో, అంచున కూర్చుని ఒళ్లో సంచి పెట్టుకున్నాను. కూడలి దగ్గర ఆగగానే సంచి పోయింది, భుజం పట్టేసి వారం రోజులు చెయ్యి లేవలేదు. సంచి కాళ్ల దగ్గర పెట్టుకోండి, వాహనంలో ఫోను బయటికి తీయకండి. చేతిలోని వస్తువును ఎవరైనా లాగితే దానికోసం పెనుగులాడకండి. ఇంతకు మించి భయపడవలసిందేమీ లేదు. వీధులకు అంకెలే పేర్లు. బేసి సంఖ్యలవి ఉత్తర దక్షిణాలుగా, సరి సంఖ్యలవి తూర్పు పడమరలుగా పోతాయి. ఇది తెలిస్తే దారి తప్పరు. ఇంటి నంబర్లు మాత్రం వరుసలో ఉండవు, వాటిని నమ్ముకోవద్దు.

ప్రశ్న: నేను తెలుగు అధ్యాపకుణ్ని. ఖ్మేర్ అక్షరాల మీద మన తలకట్టు లాంటిది కనిపిస్తుంది. నిజంగా సంబంధం ఉందా, నా భ్రమా? — పాఠకుడు, గుంటూరు

జవాబు: భ్రమ కాదు సార్. ఖ్మేర్ లిపి పల్లవ లిపి నుంచి వచ్చింది. బ్రాహ్మి దక్షిణాదిలో చీలిన కొమ్మల్లో మనదీ ఒకటి, పల్లవ లిపీ ఒకటి. అక్షరం నెత్తిన ఉండే గీతను మనం తలకట్టు అంటే వాళ్లు సోక్ అంటారు, అంటే జుట్టు. మన ఒత్తును వాళ్లు అక్షరం పాదం అంటారు. పాత తెలుగు అంకెలు తెలిసినవారికి వాళ్ల రెండు, మూడు చూడగానే తెలిసిపోతాయి.

ఊళ్లో ఏ ప్రభుత్వ బోర్డు చూసినా నోమ్‌పెన్ పేరుకు ముందు ఒక మాట ఉంటుంది. పలకడం 'రియచ్ థియనీ' అని పలుకుతారు. అక్షరాలు కూడబలుక్కుని చదివితే అక్కడ రాసి ఉన్నది 'రాజధానీ'. ఆరు నెలలు తిప్పలు పడి అక్షరాలు నేర్చుకున్నాక, బస్సులోంచి ఆ మాట మొదటిసారి చదివిన రోజు నాకు బాగా గుర్తుంది. దిగవలసిన చోటు దాటిపోయాను. ఆ తర్వాత ఊరంతా అలాంటి మాటలే. బడికి సాలా, గురువుకు క్రూ, విశ్వవిద్యాలయం బోర్డు మీద సాకలవిద్యాలయ. మీకు నెల రోజుల సమయం ఉంటే ఆ అక్షరాలు కాస్త దిద్దుకుని వెళ్లండి, మరెవరికీ కనిపించని ఊరు మీకు కనిపిస్తుంది.

మ్యూజియంలో ఒక శాసనం చూడడం మరిచిపోవద్దు. మెకాంగ్ నది ఒడ్డున సంబోర్ దగ్గర దొరికిన ఎర్రటి రాయి. శకం 605, కృష్ణ పక్ష పంచమి అని అందులో ఉంది. అంటే క్రీస్తు శకం 683. మన పంచాంగంలో వేసే ఆ శకమే. ఆరుకూ ఐదుకూ నడుమ సున్న స్థానంలో ఒక చుక్క పెట్టారు. ప్రపంచంలో తేదీ తెలిసిన అతి పాత సున్నలలో అది ఒకటి.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. త్వోల్ స్లెంగ్ జైలు మ్యూజియానికి తీసుకెళ్లవచ్చా? అసలు సెలవుల్లో వెళ్లి అలాంటివి చూడాలా? — తండ్రి, హైదరాబాద్

జవాబు: పెద్దవాళ్లు చూడాలి. అది చూడకపోతే ఆ ఊళ్లో మీకు ఎదురయ్యే మనిషి మీకు అర్థం కారు.

1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల సైన్యం నోమ్‌పెన్‌లోకి వచ్చింది. యుద్ధానికి తాళలేక పల్లెల నుంచి వచ్చినవారితో కలిపి అప్పుడు ఊళ్లో దాదాపు 20 లక్షల మంది ఉన్నారు. అమెరికా బాంబులు వేస్తుంది, మూడు రోజుల్లో తిరిగి రావచ్చని చెప్పి అందరినీ పొలాలకు తరిమారు. ఆసుపత్రి మంచాల మీద ఉన్న రోగులను కూడా వదల్లేదు. 1979 జనవరి 7న ఆ పాలన పోయేదాకా ఊరు దాదాపు ఖాళీగానే ఉంది. అక్కడివారు ఆ కాలాన్ని ఇప్పటికీ "మూడేళ్ల ఎనిమిది నెలల ఇరవై రోజులు" అని లెక్కపెట్టి చెప్తారు. దేశంలో 15 నుంచి 20 లక్షల మంది చనిపోయారు.

త్వోల్ స్లెంగ్ అప్పటిదాకా ఒక ఉన్నత పాఠశాల. దాన్ని ఎస్-21 అనే జైలు చేశారు. అక్కడ బందీలైనవారిలో లెక్క తేలినవారే 12,000 మందికి పైగా. ప్రాణాలతో బయటపడినవారు కొద్దిమంది. వారిలో వాన్ నాత్ చిత్రకారుడు, లోపల జరిగినవన్నీ ఆయన గీసిన బొమ్మల్లో ఉన్నాయి. బందీలను తెచ్చిన రోజు తీసిన ఫోటోలు గదుల నిండా ఉంటాయి. ఊరికి 15 కిలోమీటర్ల దూరంలోని చ్యోంగ్ ఎక్ వాళ్లను చంపిన చోటు. 2025 జూలైలో ఈ రెండింటినీ యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

మీ అబ్బాయి సంగతి. నేనైతే 13 ఏళ్లకు తీసుకెళ్లను. మా అమ్మాయి 12 ఏళ్లప్పుడు అడిగితే వద్దన్నాను, 15 వచ్చాక తీసుకెళ్లాను. ఫోటోల దగ్గర అది ఏమీ మాట్లాడలేదు. నేల మీద పసుపు, తెలుపు గళ్ల పలకలను చూస్తూ నిలబడి, "అమ్మా, ఇవి మా బళ్లో ఉన్నవే" అంది. ఆ రోజంతా నా చెయ్యి వదల్లేదు. మీలో ఒకరు పిల్లవాడితో నది ఒడ్డున ఉండండి, ఒకరు వెళ్లి రండి, మర్నాడు మార్చుకోండి. పొద్దున పూటే వెళ్లండి. ఆ రోజు సాయంత్రానికి మరో కార్యక్రమం పెట్టుకోకండి. రాజభవనం ఎదుట నది ఒడ్డున కూర్చుంటే చాలు, ఊరంతా అక్కడికే వస్తుంది. పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు, ఆడవాళ్లు పాటలు పెట్టుకుని వరుసలు కట్టి వ్యాయామం చేస్తారు.

ప్రశ్న: ఏ నెలలో వెళ్తే బాగుంటుంది? — పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఎండ పడదనుకుంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. ఏప్రిల్ మన ఏప్రిల్ లాంటిదే, పైగా వాళ్ల కొత్త సంవత్సరానికి జనమంతా పల్లెలకు వెళ్లిపోతారు, కొట్లు మూసి ఉంటాయి.

కార్తీక పౌర్ణమికి వెళ్లగలిగితే మరీ మంచిది. వానాకాలంలో మెకాంగ్ పొంగి టోన్లే సాప్ నదిలోకి నీటిని వెనక్కి నెడుతుంది, ఆ నది ఎదురు పారి పైనున్న పెద్ద చెరువును నింపుతుంది. వానలు తగ్గాక మళ్లీ కిందికి తిరుగుతుంది. ఆ మలుపుకు చేసే పండుగ ఇది. మూడు రోజులు రాజభవనం ముందు పడవ పందేలు, రాత్రి దీపాల పడవలు. ఆ దీపాలను వాళ్లు ప్రతీప్ అంటారు, మన ప్రదీపమే. కానీ పండుగ ఉందో లేదో కనుక్కుని వెళ్లండి. వరదలని, మాజీ రాజు సిహనూక్ మరణమని, నీళ్లు తక్కువని ఏదో ఒక కారణంతో నేనున్న ఇన్నేళ్లలో 2014లో, 2016లో మాత్రమే జరిగింది.

నన్నడిగితే మాత్రం భాద్రపదంలో వెళ్లమంటాను. వానలుంటాయి, ఉండనివ్వండి. మనం మహాలయ పక్షం అనే ఆ పదిహేను రోజులనే వాళ్లు ప్చుం బెన్ అంటారు. బెన్ అంటే పిండం, రాసేది కూడా పిండ అనే రాస్తారు. మా కుట్టు విభాగంలో నాకంటే పదేళ్లు పెద్దయిన ఒకావిడ ఉండేది. బోంగ్ అని పిలిచేదాన్ని, అక్కా అన్నట్టు. అక్కడ కొత్తవారినైనా వరస పెట్టే పిలుస్తారు. 2015లో ఆవిడ నన్ను తెల్లవారుజామున నాలుగింటికి తమ పగోడాకు తీసుకెళ్లింది. చీకట్లో చెప్పులు విడిచి, నువ్వులు కలిపిన అన్నం ముద్దలు పళ్లెంలో పట్టుకుని గుడి చుట్టూ తిరుగుతూ, ఒక్కొక్కటే నేల మీద విడుస్తారు. మూడు చుట్లు తిరిగాం. ఆవిడ ఒక్కో ముద్దకు ఒక్కో పేరు చెప్పింది. నాన్న, ఇద్దరు అన్నలు, మేనత్త. బయటికి వచ్చాక, "నాన్న ఏ రోజు పోయాడో మాకు తెలియదు. బియ్యం మోసుకు రమ్మని తీసుకెళ్లారు, మళ్లీ రాలేదు. నాకప్పుడు ఎనిమిదేళ్లు" అంది. తిథి తెలియనివారికి మా వైపు అమావాస్య నాడు పెడతామని చెప్పాను. ఆవిడ ఆగి, "ఇక్కడ చాలామందికి అంతే" అంది. ఆ ఏడాది అమావాస్య నాడు మా తాతగారి పేరున నేనూ ఒక ముద్ద విడిచాను, పక్కన నిలబడి ఎలా విడవాలో చూపించింది ఆవిడే.

ఆ రోజుల్లో వెళ్తే పగోడాలోకి ఎవరైనా రావచ్చు. తెల్లచొక్కా, మోకాళ్లు దాటే బట్ట వేసుకోండి. ఫోటోలు తీయకండి. చివరి మూడు రోజులు సెలవులు కాబట్టి టుక్‌టుక్‌ను ముందు రోజు సాయంత్రమే మాట్లాడి పెట్టుకోండి, మూడున్నరకు రమ్మనండి.